‘టీబీ అని రాశారు కదా, పరిహారం రాదు’ అన్న మాట తప్పు

షాద్‌నగర్, మహబూబ్‌నగర్ వైపు వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. పలుగురాయి పిండి మిల్లుల్లో పనిచేసి ఆయాసంతో చనిపోయినవాళ్ల ఇళ్లకు చట్టప్రకారం ఏమీ రాదట. కాగితాల్లో టీబీ అని ఉందట, పని మానేశాక పోయారట, పెట్టుకున్నది మేస్త్రీ కాబట్టి ఓనర్‌కు సంబంధం లేదట. ఓనర్ ఇచ్చిన లక్ష తీసుకుని, ఇక హక్కు లేదని సంతకం పెట్టడమే మేలట. ఇది నమ్మి ఒక్క ఇల్లు సంతకం పెట్టినా అన్యాయమే.

మొదట టీబీ సంగతి. పలుగురాయి దుమ్ములో కంటికి కనపడనంత సన్నని సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల లోపలికి చేరి మచ్చలు కట్టిస్తుంది. అదే సిలికోసిస్. ఎక్స్‌రేలో ఈ మచ్చలు చాలాసార్లు టీబీలాగే కనిపిస్తాయి. పైగా సిలికా తిన్న ఊపిరితిత్తులకు టీబీ తొందరగా అంటుకుంటుంది. కాబట్టి టీబీ ఉందంటే సిలికోసిస్ లేదని కాదు, రెండూ ఉండొచ్చు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం సిలికోసిస్‌ను వృత్తి వ్యాధిగానే, అంటే పని వల్ల వచ్చే జబ్బుగానే చూసింది. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ పరిహారం ఉంది. కింద చెప్పే సెక్షన్లు, లెక్కలు, గడువు 1923 చట్టంలోవి.

పని మానేశాక పోయారంటారా? దుమ్ము ఆగినా జబ్బు ఆగదు, దీనికి మందు లేదు. పని మానిన రెండేళ్లలో లక్షణాలు బయటపడినా 1923 చట్టం లెక్కలోకి తీసుకునేది. గుజరాత్‌లోని గోధ్రా పలుగురాయి మిల్లుల్లో పనిచేసిన మధ్యప్రదేశ్ వలస కూలీలకూ ఇదే జరిగింది. చనిపోయిన 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

మేస్త్రీ పెట్టుకున్నా అసలు యజమానే బాధ్యుడు, 1923 చట్టంలో సెక్షన్ 12. ఇందులో వాదనే లేదు.

ఇక సంతకం. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. 1923 చట్టం ప్రకారం చనిపోయినవారి పరిహారం ఈ కేసులు చూసే కమిషనర్ దగ్గర జమ చేయాలి. ఇంటికొచ్చి చేతిలో పెట్టిన డబ్బును చట్టం పరిహారంగా లెక్కించదు. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న కాగితం ఆ చట్టం సెక్షన్ 17 కింద చెల్లదు. నెలకు 12,000 సంపాదిస్తూ 40 ఏళ్లకు పోయిన మనిషికి ఆ చట్టం లెక్క ఇది: జీతంలో సగం 6,000, వయసును బట్టి 184.17తో గుణిస్తే 11,05,020 రూపాయలు. దాని ముందు లక్ష ఎంత? నెలలో ఇవ్వకపోతే ఆ చట్టం కింద 12 శాతం వడ్డీ కూడా పడేది.

ఒక్కటి నిజం, రుజువు కష్టం. హాజరు పుస్తకం ఉండదు, జీతం చీటీ ఉండదు. తోటి కూలీల సాక్ష్యమే ఆధారం. ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉన్నవాళ్లకు దారి వేరు, వాళ్ల కుటుంబానికి అక్కడి నుంచే పింఛను రావాలి.

కేసు వేయడానికి 1923 చట్టంలో గడువు చనిపోయిన నాటి నుంచి రెండేళ్లు. సరైన కారణం చూపిస్తే ఆలస్యమైనా కమిషనర్ తీసుకోవచ్చు. మిల్లు ఎక్కడున్నా కేసు మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. పాత ఎక్స్‌రే ఫిల్ములు, ఆస్పత్రి చీటీలు పారేయకండి. పక్కన పనిచేసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇవాళే రాసి పెట్టుకోండి.