హైడ్రాలిక్ పోతే బెల్టు తీసేయమంటారా?

వారం రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. నాలుగుసార్లు చూసి వదిలేశాను. ఐదోసారి జగిత్యాల నుంచి మా వదిన పంపింది. కింద ఒక్క ముక్క రాసింది: "తమ్మీ, ఇది నిజమేనా? మీ అన్నను ఆపనా?" సెలవు అయిపోయింది, అన్న వచ్చే వారం షార్జా ఎక్కాలి. వదిన రెండు రోజులుగా నిద్రపోలేదట. నేను చేసేది విమానాల మెయింటెనెన్స్ పని. నా డ్యూటీలో సగం ముందు చక్రం పక్కనే గడుస్తుంది. ఇక ఊరుకోలేను.

మెసేజ్ ఇదీ: "హైడ్రాలిక్ ఆయిల్ పోతే విమానం ముందు చక్రం తిరగదు, రన్‌వే మీద అది ఎటుపోతుందో పైలట్ చేతిలో ఉండదు. త్రిచి విమానం చక్రాలు దిగకే అన్ని గంటలు తిరిగింది. ఒక్క పైపు పగిలితే అంతా పోయినట్టే. కాళ్ళ కింద కుక్క మొరిగినట్టు చప్పుడు వస్తే అదే గుర్తు. వెంటనే బెల్టు తీసి, బ్యాగు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోండి. సిబ్బంది నిజం చెప్పరు."

కుక్క చప్పుడు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. ఎయిర్‌బస్ 320లో ఒక హైడ్రాలిక్ సిస్టమ్ (ఆయిల్ ఒత్తిడితో చక్రాల్లాంటివి కదిపే ఏర్పాటు) ఒత్తిడిని ఇంకోదానికి అందించే యూనిట్ ఉంటుంది. ఒకే ఇంజిన్ నడుస్తున్నప్పుడు అది అలాగే అరుస్తుంది. అది మామూలే.

ముందు చక్రం దగ్గరికి వద్దాం. దాన్ని తిప్పేది హైడ్రాలిక్ ఒత్తిడే, కాదనను. పైలట్ పక్కన టిల్లర్ అని చిన్న చేతిచక్రం ఉంటుంది. దాని పని టాక్సీ చేస్తూ, అంటే నేల మీద నెమ్మదిగా నడుస్తూ, మలుపులు తిరిగేటప్పుడు. దిగేటప్పుడు విమానం గంటకు 250 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నేలను తాకుతుంది. ఆ వేగంలో దాన్ని తిన్నగా ఉంచేది తోక మీద నిలువుగా ఉండి పక్కలకు కదిలే రడ్డర్. వేగం తగ్గాక కుడి, ఎడమ బ్రేకులు విడివిడిగా నొక్కి తిన్నగా తీసుకుపోతారు. బోయింగ్ 737లో బ్రేకులకు బి అనే హైడ్రాలిక్ సిస్టమ్, అది పోతే ఏ అనేది, రెండూ పోతే అక్యుములేటర్‌లో దాచిన ఒత్తిడి. స్టీరింగ్ పూర్తిగా పోతే జరిగేదేమిటంటే, విమానం రన్‌వే మీదే ఆగుతుంది. టగ్ అనే లాగుడు బండి వచ్చి లాక్కెళ్ళాలి. వెనకాల దిగాల్సినవి ఆలస్యమవుతాయి.

మెసేజ్ రాసినాయనకు ఇంకో సంగతి తెలియదు. స్టీరింగ్‌కు ఒత్తిడి అందకుండా చేసేది మేమే, ప్రతి పుష్‌బ్యాక్‌కూ, అంటే టగ్ విమానాన్ని వెనక్కి తోసే ప్రతిసారీ. ముందు చక్రం కాలి దగ్గర వేలంత పిన్ ఒకటి పెడతాం, దానికి ఎర్ర రిబ్బన్ వేలాడుతుంటుంది. టగ్ తోస్తున్నప్పుడు చక్రం ఒత్తిడితో ఒక్కసారిగా విదిలిస్తే టగ్‌ను విమానానికి కలిపే టో బార్ పక్కనున్న మనిషి కాళ్ళు విరుగుతాయి. అందుకని.

త్రిచి విషయం. 2024 అక్టోబరు 11 సాయంత్రం షార్జాకు బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737, ఎగిరిన కాసేపటికే హైడ్రాలిక్ సమస్య వచ్చి దాదాపు రెండున్నర గంటలు అక్కడే చక్కర్లు కొట్టింది. 140 మందికి పైగా ప్రయాణికులు. టీవీల్లో చూస్తూ ఎంతమంది టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. కానీ తిరిగింది ఇంధనం కరిగించడానికి. 737కి గాల్లో ఇంధనం పారబోసే ఏర్పాటు లేదు. 737-800 రకం 79 టన్నుల దాకా బరువుతో ఎగరొచ్చు, దిగడానికి హద్దు 66 టన్నుల దగ్గర. చక్రాలు దిగడానికైతే హైడ్రాలిక్కే అక్కర్లేదు. కాక్‌పిట్ నేలలో మూత కింద మూడు హ్యాండిళ్ళుంటాయి, లాగితే లాకులు విడిపోయి చక్రాలు సొంత బరువుతో దిగుతాయి. ఆ రాత్రి విమానం త్రిచిలోనే క్షేమంగా దిగింది. మెసేజ్‌లో ఆ వాక్యం లేదు.

ఒక్క పైపు పగిలితే అంతా పోతుందన్నది తప్పు. సిస్టమ్‌లు మూడు, వేటి ఆయిల్ వాటిదే. అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మూడూ ఒకేసారి పోవడం అసాధ్యమని మా వాళ్ళలో కొందరంటారు, అదీ తప్పే. 1989 జులై 19న అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 అనే డీసీ-10 రకం విమానంలో తోక ఇంజిన్ ఫ్యాన్ డిస్క్ పగిలి, ఆ ముక్కలు మూడు సిస్టమ్‌ల పైపుల్నీ కోసేశాయి. మిగిలిన రెండు ఇంజిన్ల పవర్ పెంచుతూ తగ్గిస్తూ సూ సిటీ విమానాశ్రయం దాకా తెచ్చారు, దిగుతూ కూలింది. 296 మందిలో 112 మంది పోయారు. ఆ తర్వాతే డీసీ-10లో, పైపు తెగినా ఆయిలంతా కారిపోకుండా ఆపే ఫ్యూజులు పెట్టారు. ఆ భయం ఉత్తది కాదు, వదినా.

నాకు ఒళ్ళు మండేది చివరి సలహాకి. బెల్టు తీయాలా? రన్‌వే మీద విమానం గట్టిగా కుదిపే క్షణంలో నడవలో నిలబడ్డ మనిషి ఎగిరి ముందు సీట్ల మీద పడతాడు. తనతో పాటు ఇంకొకరి మెడ విరగ్గొడతాడు. ఇది రాసి పంపడానికి ఎవరికైనా చేతులెలా వచ్చాయి?

2005 సెప్టెంబరు 21న జెట్‌బ్లూ 292కి ఏమైందో చూడండి. ఎయిర్‌బస్ 320. ముందు చక్రం ఏకంగా 90 డిగ్రీలు పక్కకు తిరిగి ఇరుక్కుపోయింది. స్టీరింగ్ లేకపోవడం కన్నా ఘోరం. ఇంధనం కరిగేదాకా సుమారు మూడు గంటలు తిరిగారు. సీట్ల ముందున్న టీవీల్లో తమ విమానాన్నే ప్రయాణికులు లైవ్‌లో చూశారు. ముందు వరుసల వాళ్ళను వెనక ఖాళీ సీట్లలోకి మార్చిన మాట నిజమే. మార్చింది సిబ్బంది, దిగడానికి చాలా ముందే, మళ్ళీ బెల్టులు పెట్టించి. లాస్ ఏంజిలిస్‌లో టైర్లు చీలి, నిప్పులు చిమ్ముతూ, రిమ్ములు అరిగిపోతూ కూడా విమానం రన్‌వే నడిగీత మీదే ఆగింది. ఎవరికీ గాయం కాలేదు. అందరూ మెట్ల మీంచి నడిచి దిగారు.

ఇక బ్యాగు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్ళిన ఎమిరేట్స్ విమానం దుబాయ్ రన్‌వే మీద కూలి మంటలంటుకుంది. లోపల తీసిన వీడియోలో పొగ మధ్యన పై అరలు తెరిచి సామాన్లు తీస్తున్న మనవాళ్ళు కనబడతారు, బ్యాగులు వదిలేయండని సిబ్బంది అరుపులు వినబడతాయి. 300 మందీ బయటపడ్డారు. ఆ తర్వాత ఇంధన ట్యాంకు పేలి, మంటలార్పుతున్న అగ్నిమాపక ఉద్యోగి ప్రాణం పోయింది. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కాలిపోతున్నా, అందులోని 379 మందీ సామాన్లు వదిలేసి బయటికొచ్చారు.

వదినకు ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. అన్నతో రెండే చెప్పాను. కూర్చోగానే నీ సీటు నుంచి ఎమర్జెన్సీ తలుపు దాకా వరుసలు లెక్కపెట్టుకో. కిటికీ పక్కన కూర్చుంటే పుష్‌బ్యాక్ అయ్యాక కిందికి చూడు, మావాడొకడు పక్కకు నడిచొచ్చి ఎర్ర రిబ్బన్ పిన్ను పైలట్‌కు కనబడేలా ఎత్తి పట్టుకుంటాడు. స్టీరింగ్ మళ్ళీ నీదే అని పైలట్‌కు చెప్పడమది.