యుద్ధ వార్తకు మెట్‌పల్లి అడిగే ప్రశ్న

2025 మే 8 రాత్రి, పాకిస్తాన్‌తో పోరు నడుస్తుండగా, మన టీవీ ఛానళ్లలో కొన్ని కరాచీ ఓడరేవు ధ్వంసమైందని ప్రకటించాయి. మన సైన్యం ఇస్లామాబాద్‌లోకి ప్రవేశించిందనీ చెప్పాయి. రెండూ జరగలేదు. సైన్యం ఆ మాట అనలేదు, ప్రభుత్వమూ అనలేదు. అయినా తెల్లవారేలోగా ఆ క్లిప్పులు హనుమకొండలోని మా కుటుంబ గ్రూపును చుట్టేసి, సముద్రాలు దాటి విదేశంలోని మన తెలుగు సంఘం గ్రూపులోకి వచ్చిపడ్డాయి. శత్రు విమానాన్ని కూల్చేస్తున్న దృశ్యమంటూ ఒక వీడియో గేమ్‌లోని బొమ్మలు కూడా వాటి వెంట వచ్చాయి. పంపినవారు ఇంజనీర్లు, డాక్టర్లు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవారు.

దేశం మీద ప్రేమతో, ఉత్సాహంలో జరిగిందిలే అని కొందరు మిత్రులు సర్దిచెప్పారు. ఆ ప్రేమను నేను శంకించను. ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపినప్పుడు మనలో కడుపు మండనివారు లేరు. కానీ ఆ రాత్రి జరిగింది చిన్న విషయమంటే ఒప్పుకోలేను. ఈ కాలపు సేనాపతులు ఫిరంగులను ఎక్కడ మోహరించాలో ఆలోచించినంత శ్రద్ధగా వార్తను ఎక్కడ మోహరించాలో కూడా ఆలోచిస్తారు. దాన్ని ఇంటింటికీ మోసుకెళ్లే పని ఎవరూ అడగకుండానే మనం చేస్తున్నాం. అది అబద్ధమైతే ముందుగా దెబ్బతినేది శత్రువు కాదు, మనవాళ్లే.

ఉత్తర తెలంగాణ మనుషులకు ఇది కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్లు అక్కడ ఎందరో ఉన్నారు. మేస్త్రీలు, డ్రైవర్లు, వంటవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు. మా మేనమామ అక్కడ సెంట్రింగ్ పని చేసేవాడు. అత్తమ్మ పిల్లలతో మెట్‌పల్లిలో ఉండేది. నెలనెలా వచ్చే ఉత్తరాలు, మాటలు రికార్డు చేసి పంపే క్యాసెట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. సాయంత్రమయ్యేసరికి వాడంతా రేడియో ఉన్న ఇంటి ముందు చేరేది. పుకార్లకు కొదవ లేదు. మనవాళ్లందరినీ బందీలుగా పట్టుకున్నారని ఒకరు, అందరూ ఓడెక్కి వచ్చేస్తున్నారని మరొకరు.

ప్రతి వార్తకూ అత్తమ్మ ఒకటే అడిగేది. ఏ క్యాంపు? ఎవరు చూశారు? ఆ చూసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? గల్ఫ్‌కు మనిషిని పంపిన ఏ ఇంటికి వెళ్లినా అదే ప్రశ్న. ఎవరు గెలుస్తున్నారని వాళ్లు అడగలేదు. సద్దాం హుసేన్ మంచివాడా, చెడ్డవాడా అని వాదించుకోలేదు. ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దు దాటి, అమ్మాన్‌లో విమానమెక్కి, బొంబాయిలో దిగి ఊరికొచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని, ఫలానావాణ్ణి ఫలానా చోట కళ్లారా చూశానని చెబితేనే నమ్మేవారు. ఆ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎయిర్ ఇండియా విమానాల్లో 1,70,000 మందికి పైగా భారతీయులు వెనక్కి వచ్చారు. మా మామ వాళ్లలో ఒకడు.

అదే అక్టోబరు 10న వాషింగ్టన్‌లో మరో రకం వార్త పుట్టింది. అమెరికా చట్టసభ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు నయీరా అనే పదిహేనేళ్ల కువైటీ అమ్మాయి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్ల నుంచి పసికందులను తీసి చల్లటి నేల మీద వదిలేయడం చూశానంది. అధ్యక్షుడు బుష్ ఆ కథను పదేపదే చెప్పారు. సెనేట్ చర్చలోనూ కొందరు ఆ పసికందులను గుర్తుచేశారు. 1991 జనవరి 12న యుద్ధ తీర్మానం 52-47 ఓట్లతో గట్టెక్కింది. మరుసటి జనవరిలో గానీ అసలు సంగతి బయటికి రాలేదు: ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. ఆ సాక్ష్యం వెనుక ఉన్నది కువైట్ తరఫున డబ్బు తీసుకుని పనిచేసిన హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ. ఆమె చెప్పిన కథకు ఆధారాలు దొరకలేదు.

కువైట్‌లో ఘోరాలు జరగలేదని కాదు. మనుషులను పట్టుకుపోయారు, హింసించారు, చంపారు, ఊళ్లను దోచుకున్నారు. వాటిలో కొన్నింటిని మామ తన కళ్లతో చూసి వచ్చాడు. ఇంక్యుబేటర్ల కథ అబద్ధమని తేలాక, నిజంగా చిత్రహింసలు పడ్డ కువైటీల మాటలను కూడా లోకం అనుమానంగా వినడం మొదలుపెట్టింది. వాళ్ల కోసం అల్లిన అబద్ధమే వాళ్ల నోరు నొక్కింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

శత్రువును ఏమార్చడం వేరే సంగతి, అది యుద్ధ విద్యలో భాగం. అదే గల్ఫ్ యుద్ధంలో అమెరికా దాదాపు 17,000 మంది మెరైన్లను కువైట్ తీరానికి ఎదురుగా ఓడల్లో ఉంచింది. సముద్రం మీంచి దిగే విన్యాసాలు చేయించి, వాటిని విలేకరులకు చూపించింది. టీవీల్లో, పత్రికల్లో అవి పెద్దగా వచ్చాయి. ఇరాక్ తన డివిజన్లు కొన్నింటిని తీరానికి కాపలాగా కట్టిపడేసింది. అసలు సైన్యం పడమటి ఎడారి చుట్టూ తిరిగి వెనుక నుంచి విరుచుకుపడింది. నేల మీద యుద్ధం 100 గంటల్లో ముగిసింది. ఆ ఎత్తును ఫిబ్రవరి 27న ఆ సేనలను నడిపిన జనరల్ ష్వార్జ్‌కాఫ్ స్వయంగా విలేకరులకు పటం మీద వివరించారు. యుక్రెయిన్ 2022లో ఇలాంటిదే చేసింది. ఖేర్సన్ వైపు దాడి చేయబోతున్నామని వేసవి అంతా ప్రకటించింది, ఆగస్టు చివర అక్కడ నిజంగానే మొదలుపెట్టింది కూడా. రష్యా బలగాలను దక్షిణానికి తరలించాక, సెప్టెంబరు 6న ఈశాన్యాన ఖార్కివ్ దగ్గర కొట్టింది. కొద్ది రోజుల్లోనే బలాక్లియా, ఇజియుమ్, కుప్యాన్స్క్ తిరిగి చేతికొచ్చాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. శత్రువు నమ్మాలంటే ఆ వార్తను సొంత జనం కూడా నమ్మాలి. కువైట్ తీరంలో దిగబోతున్నారని సద్దాం ఒక్కడికే చెప్పే ఛానల్ ఏదీ లేదు. అంటే యుద్ధం నడుస్తున్నప్పుడు మన చేతికొచ్చే వార్త నిజమో, ఎరో, అమ్ముకోవడానికి వండిన కథో ఇంట్లో కూర్చున్న మనకు తెలిసే వీలు లేదు. ఎంత చదువుకున్నా తెలియదు. అందుకే ఆగడం తప్ప మార్గం లేదంటాను.

నిజమైన వీడియో అయినా ప్రమాదం తప్పదు. 2008 ముంబయి దాడుల్లో కమాండోలు హెలికాప్టర్ల నుంచి దిగడాన్ని ఛానళ్లు ప్రత్యక్షంగా చూపిస్తుంటే, పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు అది చూస్తూ హంతకులకు ఫోనులో సూచనలిచ్చారు. సుప్రీంకోర్టు తరువాత ఛానళ్లను తప్పుపట్టింది. 2023 జనవరి 1న, కొత్త సంవత్సరం మొదలైన కొద్ది నిమిషాలకే, రష్యా ఆక్రమణలో ఉన్న యుక్రెయిన్ పట్టణం మకీవ్కాలో రష్యా సైనికుల బస మీద యుక్రెయిన్ రాకెట్లు పడ్డాయి. 89 మంది చనిపోయారని రష్యా చెప్పింది. తమ సైనికులు నిషేధాన్ని లెక్కచేయకుండా సెల్‌ఫోన్లు వాడడం వల్లే ఆ చోటు తెలిసిపోయిందని కూడా అదే చెప్పింది. కాజీపేట జంక్షన్ దాటి వెళ్లే సైనిక రైలును సరదాగా ఫోనులో పట్టి, ఊరి పేరు, వేళతో సహా గ్రూపులో పెట్టే తమ్ముడికి ఈ సంగతి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

మళ్లీ 2025 మేకు వస్తాను. కొన్ని ఛానళ్లు కరాచీని కూల్చేస్తున్న ఆ రోజుల్లోనే జమ్మూ సరిహద్దులోని పూంచ్ పట్టణం మీద నిజంగా గుండ్లు పడుతున్నాయి. మన పౌరులు, వాళ్లలో చిన్నపిల్లలు, అక్కడ చనిపోయారు. ఆ రాత్రి మన గ్రూపులో పూంచ్ పేరు కనబడలేదు. అంతకన్నా దారుణం ఇంకొకటుంది. ఆ గుండ్లకు బలైన ఒక స్థానిక ఉపాధ్యాయుడిని కొన్ని ఛానళ్లు ఉగ్రవాదిగా చూపించాయి. అది అబద్ధమని పూంచ్ పోలీసులు ప్రకటించాల్సి వచ్చింది. శత్రువు గుండుకు చనిపోయిన మన మనిషి మీద మన తెర మీదే శత్రువన్న ముద్ర పడింది. ఆ క్లిప్పును కూడా మనవాళ్లు పంపుకున్నారు. ఆ కుటుంబం ముఖం చూసి ఉత్సాహంలో జరిగిందిలే అని చెప్పగలమా?

నిజం చెబితే యుద్ధంలో బలహీనపడతామని వాదించేవారికి కార్గిల్‌ను గుర్తుచేస్తాను. 1999లో నియంత్రణ రేఖ దాటకూడదని వాజపేయి ప్రభుత్వం నిర్ణయించింది. ప్రపంచం మన పక్షాన నిలవాలన్న ఆలోచన ఆ నిర్ణయం వెనుక ఉంది. దాని భారం సైనికుల మీద పడింది. వెనుక నుంచి చుట్టుముట్టే దారి మూసుకుపోయి, నిటారు కొండలను కింది నుంచి కాల్పులకు ఎదురెక్కి పట్టుకోవాల్సి వచ్చింది. 527 మంది ప్రాణాలిచ్చారు. ప్రపంచ ప్రజాభిప్రాయం యుద్ధ వ్యూహాన్ని ఇంతగా శాసించిన సందర్భం మన చరిత్రలో మరొకటి నాకు తోచదు. పాకిస్తాన్ మాత్రం ఆ కొండల మీద ఉన్నవాళ్లు తన సైనికులు కారంది. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి సొంత సైనికుల శవాలను తీసుకోవడానికి నిరాకరించింది. వాళ్లలో కొందరికి మన సైన్యమే అంత్యక్రియలు చేసింది.

2020 జూన్ 15న గల్వాన్‌లో మన సైనికులు 20 మంది అమరులయ్యారు. వాళ్లలో కమాండింగ్ అధికారి కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. మరుసటి రోజుకల్లా ఆ సంఖ్య దేశానికి తెలిసింది, ఆ వెంటనే పేర్లు తెలిశాయి, అంత్యక్రియలకు ఊళ్లు కదిలాయి. చైనా ఎనిమిది నెలల తర్వాత నలుగురు చనిపోయారని చెప్పింది. అంతకన్నా ఎక్కువ మందే పోయి ఉంటారని రాసిన ఒక బ్లాగరును జైలుకు పంపింది. చనిపోయిన సైనికుడి పేరు చెప్పుకుని ఏడ్చే హక్కు కూడా అక్కడి తల్లులకు అన్ని నెలలు లేకపోయింది. సూర్యాపేట ఆ దుఃఖాన్ని బహిరంగంగా మోసింది. దాన్ని మన బలంగానే చూస్తాను.

యువకుల సంగతి ఒకటుంది. రష్యాలో సహాయకుల ఉద్యోగాలు, మంచి జీతం అని చెప్పే యూట్యూబ్ వీడియోలను నమ్మి మన రాష్ట్రం నుంచి కొందరు వెళ్లారు. అక్కడ వాళ్లకు తుపాకులిచ్చి యుక్రెయిన్ యుద్ధరంగానికి పంపారు. 2024 మార్చిలో వారిలో ఒక హైదరాబాదు యువకుడి మరణవార్త వచ్చింది. యుద్ధ ప్రచారానికి ఆవేశపు మాటలే కావాలని లేదు, ఉద్యోగ ప్రకటన చాలు.

దూరంగా ఉన్న మనకు ప్రత్యేక బాధ్యత ఉందని నమ్ముతాను. గుండు మన ఇంటి మీద పడదు. తప్పుడు మాట పంపితే మనకు పోయేదేమీ లేదు. అందువల్లే మన గొంతు అందరికన్నా పెద్దదవుతోంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ ఒకదాని మీద మరొకటి దాడులకు దిగినప్పుడు, కృత్రిమ మేధతో తయారు చేసిన టెల్ అవీవ్ శిథిలాల వీడియోలు ఊళ్లన్నీ తిరిగాయి. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడ వృద్ధులకు సేవలు చేసి బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు. నగరమంతా నేలమట్టమైనట్టు చూపే ఆ వీడియోను కొడుకు టెల్ అవీవ్‌లో ఉన్న తల్లి చూస్తే ఆమె పరిస్థితి ఏమిటో, పంపినవారు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అత్తమ్మ బతికి ఉంటే ఆ వీడియో పంపినవారిని నిలదీసేది: ఏ వీధి? ఎవరు తీశారు? ఆ తీసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?

అందుకే మన సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మనవాళ్లు ఉన్న చోట ఎక్కడ యుద్ధం మొదలైనా, ఆ రోజు నుంచి మన గ్రూపులో యుద్ధ వీడియోలు ఆపేద్దాం. వాటి స్థానంలో ఒక పట్టిక పెడదాం. అందులో భారత రాయబార కార్యాలయం ఇచ్చే సూచనలు, ఏ ఊరివాళ్లు ఏ నగరంలో ఉన్నారు, వాళ్లతో ఎవరు మాట్లాడారు, ఏ రోజు ఏ వేళకు మాట్లాడారు, ఇవే ఉండాలి. స్వయంగా మాట్లాడినవారు పేరు పెట్టి రాయాలి. విన్నదీ, ఎవరో పంపినదీ రాయకూడదు. గల్ఫ్‌లోని తెలుగు సంఘాలతో మనకు పాత పరిచయాలున్నాయి కాబట్టి ఈ పని కష్టమేమీ కాదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడతాను. సమర్థించేవారు ముందే పేర్లు పంపండి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్లకు ఫోను చేసి, అక్కడి తల్లిదండ్రులతో ఓపికగా మాట్లాడగలిగినవారు మరీ ముఖ్యంగా పంపండి. ఆ పనికి మనుషులు చాలామంది కావాలి.