చెయ్యి విరిగినా హాజరు విరగకూడదు

ఒడిశాలోని రాయగడ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగినా 'చివరి ప్రమాదం జరిగి ఇన్ని రోజులు' అని ఒక బోర్డు కనిపిస్తుంది. ఆ అంకెను కన్నబిడ్డలా పెంచుతారు. కార్మికుడి చెయ్యి విరిగితే ఆరు వారాల్లో అతుక్కుంటుంది. అంకె సున్నాకి పడిందంటే మళ్లీ అంతదాకా ఎదగడానికి ఏడాది పట్టొచ్చు. కాబట్టి ముందు ఎవరికి కట్టు కట్టాలో వేరే చెప్పాలా?

గాయపడ్డవాణ్ణి తిరిగి పనిలోకి తీసుకురావడంలో మనవాళ్ల వేగం అసాధారణం. మూడో రోజు పొద్దున్న ఆరింటి షిఫ్టుకే తెచ్చేస్తారు. దీని వెనక శాస్త్రం ఉంది. గాయం వల్ల మనిషి 48 గంటలు పని చెయ్యలేకపోతే ఆ సంగతి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు తెలియజెయ్యాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం గీసిన గీతే 2025లో దాని స్థానంలోకి వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఉంది. అందుకని నలభయ్యేడో గంటలో జీపు వాడి ఇంటి ముందు ఆగుతుంది. "ఏటి నాయనా, కుడి చెయ్యే గదా! ఎడం చేత్తో సంతకం పెట్టలేవా?" అని సూపర్‌వైజరు ఆప్యాయంగా అడుగుతాడు.

తర్వాత జరిగేదాన్ని లైట్ డ్యూటీ అంటారు. స్టోరు గది మూల ప్లాస్టిక్ కుర్చీ, దాంట్లో మణికట్టు విరిగిన మనిషి. ఆ కుర్చీకి చేతులుండవు, కాబట్టి పిండికట్టు చెయ్యి ఎనిమిది గంటలూ కిందికే వేలాడుతుంది. మధ్యాహ్నానికి వేళ్లు ఉబ్బి మినపసున్నుండల్లా అవుతాయి. గోళ్లు నల్లబడితే కట్టు బిగిసిందని అర్థం, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మన స్టోరులో మాత్రం దురద కోసమని లోపలికి బాల్‌పెన్ను దూర్చి, సాయంత్రం చూద్దాంలే అంటారు.

తప్పంతా డాక్టరుదే అనలేం. ఆయన చీటీ మీద 'ఫిట్ ఫర్ లైట్ డ్యూటీ' అని నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాస్తాడు. ఇంగ్లీషులో తేలిగ్గా ఉన్న ఆ పని ఒడియా మీదుగా తెలుగులోకి దిగేసరికి యాభై కిలోల బస్తా అవుతుంది. లేకపోతే రాత్రి వాచ్‌మన్ డ్యూటీ అవుతుంది. పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగాన్ని విశ్రాంతి కింద లెక్కగట్టడం మన ప్రాంతపు ప్రత్యేకత.

ఫిజియోథెరపీ చదివిన కొందరికి దీనిమీద విచిత్రమైన మూఢనమ్మకాలున్నాయి. చీటీలో ఎన్ని కిలోలు ఎత్తొచ్చు, ఎంతసేపు నిలబడొచ్చు, మెట్లు ఎక్కొచ్చా, ఈ మినహాయింపు ఏ తేదీదాకా అన్నది రాయాలట. పాత పనిలో గంటకు ఎన్నిసార్లు వంగాలో, ఎంత ఎత్తుకు ఎత్తాలో ఫ్యాక్టరీవాళ్లే ఒక కాగితం మీద రాసి డాక్టరుకు పంపాలట. కట్టులో ఉన్నన్నాళ్లూ చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచాలి, వేళ్లు, భుజం కదుపుతుండాలి, లేకపోతే మణికట్టు బాగుపడి భుజం బిగుసుకుంటుందంటారు. కట్టు విప్పిన రోజు ముంజెయ్యి సన్నబడి ఉంటుంది, పిడికిలిలో బలం ఉండదు, కాబట్టి మొదట నాలుగు గంటలే పని ఇచ్చి, నొప్పి చూసుకుంటూ వారం వారం పెంచాలని కూడా వాదిస్తారు. వ్యాయామానికి వెళ్లిన పూట జీతం కొయ్యకూడదన్న మాట దగ్గర మాత్రం పాపం మన మేనేజర్లు కళ్లు తిరిగి పడిపోతున్నారు. అదీ పనిలో జరిగిన గాయమే కదా, బోర్డుకెక్కదు.

చట్టం లెక్క ఇంకా మొరటుది. 2025లో సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయిన 1923 నాటి నష్టపరిహారం చట్టం వేళ్లకు వెల కట్టింది: బొటనవేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడు వేలు 14, మధ్య వేలు 12. నలభై ఏళ్లవాడు, జీతం 15,000 అనుకోండి. చట్టం లెక్కలోకి తీసుకునేది అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని ఆ వయసుకు పట్టికలో ఉన్న 184.17తో గుణించి, 14 శాతం తీస్తే చూపుడు వేలి ఖరీదు 2,32,054 రూపాయలు. ఈఎస్‌ఐ అనే ప్రభుత్వ కార్మిక బీమా కార్డున్నవాడికి ఈ లెక్క వర్తించదు. పనిలో గాయపడి పనికి పోలేని రోజులకు ఈఎస్‌ఐ జీతంలో 90 శాతం ఇస్తుంది. ఆ సాయం అందుతున్నన్నాళ్లూ వాణ్ణి ఉద్యోగంలోంచి తియ్యడం కుదరదు.

ఇవన్నీ రావాలంటే మాత్రం ప్రమాదం రిజిస్టరులో ప్రమాదం ఉండాలి. మన కుర్చీలో కూర్చున్నవాడు మూడో రోజు నుంచే హాజరు. హాజరైనవాడికి గాయమెక్కడిది? ఆరు నెలల తర్వాత వేలు వంగడం లేదని వస్తే, ఇంటి దగ్గర మంచం కోడు తగిలిందేమో అంటారు. కాదని చెప్పడానికి కాగితం లేదు. ప్రమాదం జరిగిన రోజే రిజిస్టరులో టైము, మిషను పేరు, చూసినవాడి పేరు రాయించి నకలు అడిగే తెలివితక్కువ కార్మికులు అక్కడక్కడా ఉన్నారు. అలాంటివాళ్ల వల్లే బోర్డులు పాడవుతున్నాయి.

ప్రభుత్వ సంస్థల సంగతి వేరు. ఉద్యోగంలో ఉండగా వికలాంగుడైనవాణ్ణి తియ్యకూడదని, చెయ్యగలిగిన పనిలోకి అదే జీతంతో మార్చాలని, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు పుట్టించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అంటోంది. ప్రైవేటు కంట్రాక్టరు కింద బస్తాలు మోసేవాడు ఆ వాక్యాన్ని గేటు బయట నిలబడి చదువుకోవచ్చు.

మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. ఏడాదంతా ప్రమాదం జరగని ఫ్యాక్టరీలో ఆ రోజు మనిషికొక స్టీలు డబ్బా పంచడం మంచి ఆనవాయితీ. మూత తిప్పి తీసేరకం కొనొద్దని మాత్రం కొనుగోలు శాఖవారికి మనవి. దానికి రెండు చేతులు కావాలి.