పక్షం సరే, లెక్క చూపండి

సామాజిక పరిశోధకుడు ఉద్యమానికి అండగా నిలవవచ్చునా అన్న వాదన బెంగళూరు విద్యాసంస్థల్లో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఒక పక్షం వహించినవారి లెక్కలు నమ్మలేమని కొందరంటారు. అన్యాయం కళ్లెదుట జరుగుతుండగా తటస్థంగా కూర్చోవడం బలవంతుడికి కొమ్ముకాయడమేనని మరికొందరంటారు. పరిశోధకుడి మనసులో ఏముందో వెతికే ఈ రెండు వాదాలూ అతని లెక్క ఎలా తయారైందో అడగడం లేదు.

ఈ నగరానికి వంద కిలోమీటర్ల దూరంలోని కోలార్ బంగారు గనుల ప్రాంతంలో, పారిశుద్ధ్య పనివారి తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఏనాడూ తటస్థుడినని చెప్పుకోలేదు. మనుషుల మలాన్ని చేతులతో ఎత్తించే పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చిన పదేళ్లకు, అది అమలు కావడం లేదంటూ ఆయన నాయకత్వంలోని సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే ఉద్యమ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. తమ దగ్గర ఆ పనే లేదని పలు రాష్ట్రాలు బదులిచ్చాయి. కార్యకర్తలు ఊరూరా తిరిగి సేకరించిన వివరాలను, ఫొటోలను కోర్టు ముందుంచారు. మురుగు కాలువల్లో 1993 నుంచి చనిపోయినవారి కుటుంబాలను గుర్తించి, ఒక్కో మరణానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014 మార్చి 27న కోర్టు తీర్పు చెప్పింది. పాకీ పని ఉందని ఒప్పుకుంటే చట్టాన్ని అమలు చేయలేదని ఒప్పుకున్నట్టే కనుక, లేదని చెప్పడంలో ప్రభుత్వాలకూ స్వప్రయోజనం ఉంది. ఉద్యమకారుల వివరాలనైతే ఎవరైనా ఆ చోటికి వెళ్లి సరిచూసుకోవచ్చు.

పక్షపాతం చాలాసార్లు ప్రశ్న అడిగేచోటే జొరబడుతుంది. మన వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు ఎందరో ఉన్నారు. తెల్లవారుజామున, చేతిలో చీపురుండగా, పక్కనే పని చేయించే మేస్త్రీ నిలబడి ఉండగా, జీతం సకాలంలో అందుతోందా అని కన్నడంలో అడిగితే ఆమె ఒకసారి మేస్త్రీ వైపు చూసి అందుతోందనే చెబుతుంది. సాయంత్రం ఇంటి గడపలో కూర్చున్నప్పుడు అదే మాట తెలుగులో అడిగితే జవాబు వేరుగా ఉండవచ్చు. మొదటి జవాబును అంకెగా మార్చి పట్టికలో వేసినంత మాత్రాన అది శాస్త్రమైపోదు. అలాగే, సంఘం నాయకుడు చూపించిన నాలుగిళ్లకే వెళ్లి, కష్టం లేదన్నవారి జవాబులను పక్కన పెట్టేసే పరిశోధకుడిని ఆశయం మంచిదన్న కారణంతో మేము వెనకేసుకురాలేము. అతని తప్పు రేపు కోర్టులో బయటపడితే నష్టపోయేది ఆ కార్మికురాలే.

తరగతి గదిలో ఆచార్యుడు తన రాజకీయాలను బోధించరాదని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1917లో మ్యూనిక్ ప్రసంగంలో గట్టిగా చెప్పాడు. అమెరికాలో నల్లజాతివారి స్థితిగతులపై 1944లో బృహద్గ్రంథం వెలువరించిన స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్, విలువలు లేని పరిశోధన ఉండదనీ, వాటిని దాచకుండా ముందే ప్రకటించాలనీ వాదించాడు. మాకు మిర్డాల్ మార్గమే సబబుగా తోస్తోంది. అయితే ప్రకటించడంతోనే బాధ్యత తీరిపోదు.

ఇక్కడి పరిశోధన సంస్థలు ప్రతి నివేదికతోపాటు ప్రశ్నావళిని అడిగిన భాషలోనే అచ్చువేయాలి. అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారో, ఎందరు జవాబివ్వడానికి నిరాకరించారో, తమ వాదనకు ఎదురొచ్చిన జవాబులేవో అందులో చెప్పాలి. పేర్లు తొలగించిన సమాచారాన్ని తమతో విభేదించేవారికీ ఇవ్వాలి. అచ్చుకు పంపేముందు ఆ చిత్తుప్రతిని పౌరకార్మికుల కాలనీలో తెలుగులో చదివి వినిపించి, తాను చెప్పింది అది కాదని ఎవరైనా అంటే ఆ మాటనూ అందులో చేర్చాలి.