అరగంట పనేనట!

వరసకు తమ్ముడయ్యే కుర్రాడు నిన్న ఫోన్ చేశాడు. "అన్నా, విండోస్ పక్కనే ఉబుంటు వేసుకోవడం అరగంట పనేనట కదా, వీడియోలో చూశా" అని. ఉబుంటు అంటే విండోస్ లాంటిదే ఇంకో ఓఎస్ (కంప్యూటర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్), లినక్స్‌లో ఒక రకం. వేసుకోవడం అరగంటే నాయనా. ఆ తర్వాత రెండింటితో కాపురం ఎలా ఉంటుందో ఆ వీడియోల వాళ్లు ఒక్కడూ చెప్పడు. నా మంట అదే.

నేను ఐదేళ్లుగా రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో నడుపుతున్నా. సరదాకి కాదు, డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకి పేజీలు కట్టడం) నా పని. ప్రెస్సుల నుంచి నాకు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కట్టిన ఫైళ్లే వస్తాయి. పేజీలు కట్టే ఆ పేజ్‌మేకర్ 2001 నాటి 7.0 వెర్షన్, అను ఫాంట్లేమో యూనికోడ్ కాని పాత పద్ధతివి. దానికోసమే విండోస్. మిగతాదంతా ఉబుంటులో హాయిగా యూనికోడ్, అంటే ఫోన్లలో, వెబ్‌లో అందరూ వాడే తెలుగు. నిజానికి నా మెషీన్‌లో రెండు ఓఎస్‌లు ఉన్నాయంటే, తెలుగు ఇంకా రెండు రకాలుగా ఉండబట్టే.

అన్నిటికన్నా నన్ను ముంచింది గడియారం. మదర్‌బోర్డు మీద ఉండే గడియారం ఒక్కటే. అందులో ఉన్నది మన టైమే అనుకుంటుంది విండోస్. కాదు, యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది లినక్స్. అందుకే ఉబుంటు నుంచి విండోస్‌లోకి వెళ్తే టైం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. ఒకరోజు పదకొండింటికి ఉబుంటులో ఉండగా ప్రూఫు పీడీఎఫ్ సేవ్ చేశా. పన్నెండింటికి విండోస్‌లో తప్పులు దిద్ది ఇంకోటి తీశా. దాని మీద పడ్డ టైం ఉదయం ఆరున్నర! సాయంత్రం హడావుడిలో టైం చూసి, పదకొండింటిదే కొత్తదనుకుని ప్రెస్‌కి పంపేశా. అట్ట మీద 'శ్రద్ధ' కాస్తా 'శ్రద్ద' అయి కూర్చుంది. లినక్స్‌ని కూడా లోకల్ టైం వాడమంటే ఒక్క కమాండ్‌తో తీరిపోయే గొడవని తర్వాత తెలిసింది.

విండోస్‌ని తొందరగా తెరిపించే ఫాస్ట్ స్టార్టప్ ఇంకో తలనొప్పి. షట్‌డౌన్ చేశామనుకుంటాం, విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఉబుంటులోంచి ఆ డ్రైవ్ చదవొచ్చు గానీ రాయడానికి కుదరదు. ఆ ఫాస్ట్ స్టార్టప్ ఆపేస్తే సరి. 2024 ఆగస్టులోనైతే ఒక విండోస్ అప్‌డేట్ దెబ్బకి చాలామందికి లినక్స్ బూటే కాలేదు.

మావాడికి చెప్పా: బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే ముందు దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో, డేటా బయట దాచుకో, వీలైతే ఉబుంటుకి వేరే ఎస్‌ఎస్‌డీ కొనుక్కో. నేర్చుకోవడానికే అయితే వర్చువల్ మెషీన్ (విండోస్ లోపలే ఉబుంటుని నడిపే ఏర్పాటు) చాలు.

"మరి నువ్వెందుకు విండోస్ తీసెయ్యవన్నా?" అన్నాడు. ఇది రాస్తుండగానే ప్రెస్ నుంచి మెయిల్ వచ్చింది, మళ్లీ పేజ్‌మేకర్ పీఎమ్‌డీ ఫైలు. రీస్టార్ట్ కొట్టాలి, ఉంటా.