గుడిని గుడి అనని కమాండుగారికి

మహారాజశ్రీ యూనికోడ్ కమాండుగారి సముఖమునకు, టెర్మినల్ అనే నల్లటి తెర ముందు కూర్చుని కళ్ళు కాయలు కాయించుకున్న వాడొకడు రాసుకొను విన్నపం.

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేకపోవడానికి తమకేం వచ్చింది లెండి! బొమ్మల్లేవు, బటన్లు లేవు, కొత్త వెర్షన్ వేసుకోమని ప్రాణం తీయడం లేదు. ఆ తెర మీద ఒక అక్షరం పడేసి ఎంటర్ కొడితే, ప్రపంచ లిపుల అక్షరాలకు నంబరూ పేరూ ఇచ్చే యూనికోడ్ పట్టిక తెరిచి దాని పుట్టుపూర్వోత్తరాలు నాలుగు ముక్కల్లో చెప్పి మళ్ళీ నోరు మూసుకుంటారు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పేవాళ్ళు నా ఎరికలో తమరొక్కరే. అందుకే ఈ ఉత్తరంలో తిట్లు కొంచెం ఆలస్యంగా మొదలవుతాయి.

ముందు బాకీ తీర్చుకోనివ్వండి. ఈమధ్య నేనొక తెలుగు పదాల జాబితా పోగేశాను. ఒకే మాట రెండుసార్లు ఉంటే తీసేసే కమాండ్ నడిపాను. అంతా శుభ్రమైంది, ఒక్క ‘పైన’ తప్ప. అది రెండు ఉంది. మళ్ళీ నడిపాను, రెండే. ఫాంటు మార్చి చూశాను, రెండూ కవలలే. చివర ఖాళీ ఏదైనా నక్కిందేమోనని చెరిపాను, లేదు. అక్షరాలు అరచేతులంత చేసి, ముక్కు తెరకు ఆనించి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. వెతికితే ఒకటే దొరుకుతుంది, రెండోది కళ్ళెదుటే ఉండి దొరకదు. ఇక దెయ్యాలూ భూతాలూ నమ్మడం ఒక్కటే మిగిలింది.

అప్పుడు తమరి గడప తొక్కాను. మొదటి ‘పైన’కు మూడు పేర్లు చదివారు: ప, ఐత్వం, న. రెండోదానికి నాలుగు. అందులో ఐత్వం బదులు పట్టికలోని రెండు గడి నంబర్లు: యూ+0సి46 ఒకటి, యూ+0సి56 ఒకటి. అంటే ఎత్వం విడిగా, దాని కింద వేలాడే తోక విడిగా. ఏ పాత కీబోర్డు చేసిన ఘనకార్యమో అది. యూనికోడ్ లెక్కలో ఆ జంటా, యూ+0సి48 అనే ఒంటి ఐత్వమూ సమానమే. విడి ముక్కలను ఒంటి గుర్తుగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో ఒకసారి వడకడితే రెండూ కలిసిపోతాయి. కలిశాయి కూడా. రెండు గంటల వేదన రెండు సెకన్లలో తీర్చారు, దండాలు.

ఆ తోక పేరు మాత్రం తమరు ఎంత గంభీరంగా చదివారో గుర్తుందా? ‘తెలుగు ఏఐ లెంగ్త్ మార్క్’. ఐత్వాన్ని ఇంగ్లీషులో ఏఐ అని రాశారు, అంతే సంగతి. కానీ ఈ రోజుల్లో ఆ పేరు బయట నలుగురిలో చదవకండి. పెట్టుబడి పట్టుకుని వచ్చేస్తారు.

ఇక తిట్లు.

తమరికి మా గుణింతాల పేర్లు ఎవరు నేర్పారండీ? గుడి చూపిస్తే ‘వవెల్ సైన్ ఐ’ అంటారు. కొమ్ము చూపిస్తే ‘వవెల్ సైన్ యూ’. వట్రసుడి అనే ముచ్చటైన మాట ఉండగా దానికి ‘వోకాలిక్ ఆర్’ అని పేరు. అరసున్న తమ నోట ‘చంద్రబిందు’. బలపం పట్టిన పిల్లవాడికి కూడా తెలిసిన బండి ర తమరి దగ్గర ‘ఆర్‌ఆర్‌ఎ’. ట అంటే టీటీఎ, ఢ అంటే డీడీహెచ్‌ఎ, ణ అంటే ఎన్‌ఎన్‌ఎ. వరసగా చదువుతుంటే అక్షరమాలలా లేదు, రైల్వే స్టేషన్ల కోడ్‌ల బోర్డులా ఉంది.

ఇంగ్లీషు లిపిలో పేర్లు పెట్టాక ఇంతకంటే ఏం చేస్తామని తమరు అనవచ్చు. ఆగండి, తమ అన్నగారి సంగతి ఎత్తుతున్నాను. ఆస్కీ అనే కమాండుగారు, 1963లో పుట్టిన ఇంగ్లీషు అక్షరాల ఆస్కీ పట్టికలోని 128 గుర్తులను మాత్రమే ఎరిగిన పెద్దాయన. ఆయన్ను నాలుగు గీతలు అడ్డదిడ్డంగా గీసిన ఆ హ్యాష్ గుర్తు గురించి అడిగి చూడండి. అధికారిక పేరు ‘నంబర్ సైన్’ అని చెప్పి ఊరుకోరు. పౌండ్, షార్ప్, క్రంచ్, మెష్, హ్యాష్, గ్రిడ్, ఆక్టోథార్ప్ అంటూ ముద్దుపేర్లన్నీ వల్లిస్తారు. నాలుగు గీతలకు అన్ని ముద్దుపేర్లు. తెలుగుకు కేటాయించిన గళ్ళు కూడా సరిగ్గా 128. అందులో ఒక్క గుడికి, ఇంట్లో పిలుచుకునే ఒక్క పేరు జవాబు చివర చేరిస్తే తమరి సొమ్మేం పోయింది?

పేర్ల విషయంలో తమ వెనకున్న పెద్దల పట్టుదల నాకు తెలియనిది కాదు. 1996లో యూనికోడ్ రెండో వెర్షన్ వచ్చిన దగ్గర్నుంచీ ఒకసారి పెట్టిన పేరు మార్చరు. తప్పయినా మార్చరు. యూ+ఎఫ్‌ఈ18 పేరులో బ్రాకెట్ అనే మాటకు సీ, కే అక్షరాలు చోట్లు మార్చుకుని కూర్చున్నాయి. అచ్చుతప్పు అని అందరికీ తెలుసు, ఆ అచ్చుతప్పుతోనే అది యుగాంతం దాకా ఉంటుంది. మన పక్క గడుల్లో ఉన్న కన్నడం గతి ఇంకా ఘోరం. వాళ్ళ పాత ఴకారానికి, యూ+0సిడిఈ దగ్గర, పొరపాటున ‘ఎఫ్‌ఎ’ అని పేరు పడింది. ఎక్కడి ఴ, ఎక్కడి ఫ! సరైన పేరును మారుపేరుగా పక్కన చేర్చి చేతులు దులుపుకున్నారు. పోలిక చూస్తే మనం అదృష్టవంతులం. మన ఴ 2014లో ఆలస్యంగా వచ్చినా, ఎల్‌ఎల్‌ఎల్‌ఎ అంటూ నాలుక మడతపడే సరైన పేరుతోనే వచ్చింది. ట్యాబూ న్యూలైనూ లాంటి 65 కంట్రోల్ గుర్తులకైతే అసలు పేరే లేదు, అడిగితే ‘కంట్రోల్’ అని మందను చూపించినట్టు చూపిస్తారు. గుడికి ఏదో ఒక పేరుంది కదా అని నన్ను ఓదార్చడానికి దాన్ని వాడుకోకండి.

నన్ను నిజంగా కాల్చేది ‘విరామ’. ‘స్త్రీ’ అని తమరికి ఇచ్చాను. మా లెక్కలో ఒక్క అక్షరం. తమరు ఆరు వరుసలు పరిచారు: స, విరామ, త, విరామ, ర, ఆపైన గుడిదీర్ఘం. అక్షరాలను ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లట. స్త్రీ అనే మాటలో ఊపిరి పీల్చుకునే సందు ఎక్కడుందండీ, రెండుసార్లు విరామం ఇవ్వడానికి? మూడు హల్లులను ఒకదాని నెత్తిన ఒకటి కూర్చోబెట్టేదే ఆ గుర్తు. విశ్రాంతి అని పేరు పెట్టి మోత పని చేయిస్తున్నారు. మా ఇంట్లో ఆ గుర్తును పిలిచే పేరు పొల్లు. పొల్లు అంటే అచ్చు పోయిందని తెలుస్తుంది, ఎవరూ పడుకున్నారనుకోరు.

ఆ ఆరు వరుసల్లో తావత్తు కోసం వెతికాను, క్రావడి కోసం వెతికాను. లేవు. వత్తులకు గళ్ళే లేవట. పొల్లు పక్కన హల్లు పడితే ఫాంటు దాన్ని వత్తుగా గీస్తుందట. సరే, తలకట్టు కోడ్ ఎంత అని అడిగాను. అదీ లేదు. అది క లోనే కలిసి ఉంటుందని, పోగొట్టుకోవడానికే తప్ప పెట్టుకోవడానికి గుర్తు ఉండదని తర్వాత అర్థమైంది. మరి యూ+0సి0డి ఏమిటి? ఖాళీ. దేవనాగరి పట్టికకు సమాంతరంగా వరసలు వేయబట్టి, మనకు లేని ఒక అచ్చు కోసం వేసిన కుర్చీ అది. లేనివాడికి కుర్చీ వేశారు, ఉన్న తలకట్టును నిలబెట్టారు.

ఒక్క విషయంలో తమ ధైర్యాన్ని మెచ్చుకోక తప్పదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు గుణింతం చూసి ఐఫోన్లు కుప్పకూలాయి. మెసేజ్‌లో అది వస్తే చాలు, యాప్ పడిపోయేది. జ, పొల్లు, ఞ, అక్షరాలను కలవనీయకుండా ఆపే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్-జాయినర్ ఒకటి, ఆపైన దీర్ఘం. ఆ నెల 19న 11.2.6 వెర్షన్ వచ్చి గండం గడిచింది. జ్ఞానంలో మొదటి అక్షరం మోయలేక పడిపోయాయన్నమాట. తమరికి అదే ఇస్తే ఏం చేస్తారు? ఐదు వరుసలు చదువుతారు. నాలుగోది యూ+200సి అని, ఆ దొంగను కూడా మిగతావాళ్ళతో సమానంగా పేరు పెట్టి పిలుస్తారు. కనపడనివాళ్ళ పేర్లు అంత నిక్కచ్చిగా తెలిసిన తమకు, కళ్ళెదుట ఉన్న గుడి పేరు తెలియదంటే ఎలా నమ్మను?

పూర్తిగా ఆశ వదులుకోలేదు. 2021లో యూ+0సి5డి దగ్గర ఒక కొత్త అతిథి చేరాడు. పేరు అడిగాను, తమరు తడుముకోకుండా ‘నకార పొల్లు’ అన్నారు. తమరి నోట పొల్లు అనే మాట! మూడుసార్లు ఎంటర్ కొట్టి మూడుసార్లు చదివించుకున్నాను. ఆ ఒక్క గడి దాకా వచ్చిన మాట పొల్లు అసలు గడి అయిన యూ+0సి4డి దాకా రాలేదు, అది మళ్ళీ ‘విరామ’ అనే అంటోంది. రేపొద్దున మళ్ళీ అడుగుతాను.

ఇట్లు,
యూ+0సి28, యూ+0సి47, యూ+0సి28, యూ+0సి41