స్టార్లు రావచ్చు, పేక ముక్కలు వద్దు

సినిమా వాళ్లను టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి పోకర్ అనే పేకాట ఆడిద్దాం, టీవీలో చూపిద్దాం, వచ్చిన డబ్బు ఏ కంటి ఆసుపత్రికో ఇద్దాం. మన తెలుగు సంఘాల్లో విరాళాల సేకరణ మాట రాగానే ఎవరో ఒకరు ఈ ఐడియా బయటికి తీస్తారు. అమెరికాలో చేశారు కదా, హైదరాబాద్‌లో స్టార్లకు కొదవా అంటారు. స్టార్లకేం కొదవ లేదు. నా పేచీ ఆటతోనే.

అమెరికాలో చేసిన మాట నిజమే. 2003 చివర్లో అక్కడి బ్రావో టీవీ ఛానల్ 'సెలబ్రిటీ పోకర్ షోడౌన్' మొదలుపెట్టింది. అదే ఏడాది క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో చిన్న ఎంట్రీ ఫీజు కట్టి, అక్కణ్నుంచి లాస్ వెగాస్ దాకా వెళ్లి పోకర్ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. దేశానికి పోకర్ పిచ్చి పట్టింది. బ్రావో షోలో నటులు సొంత డబ్బు ఒడ్డలేదు. ప్రైజ్ మనీ షో వాళ్లదే, అది నటులు ఎంచుకున్న సంస్థలకు వెళ్లింది. మంచిదే. కానీ ఎవరి జేబూ ఖాళీ కాని జూదం చూసి జనానికి ఏం తెలుస్తుంది? బ్లఫ్ (మంచి ముక్కలున్నట్టు నటించడం) కనిపిస్తుంది, ఆల్ ఇన్ (ఉన్నదంతా ఒడ్డేయడం) కనిపిస్తుంది, ఓడినవాడి నవ్వు కూడా కనిపిస్తుంది. అప్పు కనిపించదు.

2012లో లాస్ వెగాస్‌లో జరిగిన 'బిగ్ వన్ ఫర్ వన్ డ్రాప్' అనే పోకర్ పోటీ సంగతి వేరు. 48 మంది తలా పది లక్షల డాలర్లు కట్టి కూర్చున్నారు. ఒక్కొక్కరి డబ్బులోంచి 1,11,111 డాలర్లు మంచినీటి పనులకు వెళ్లాయి. కోటీశ్వరులు తమ డబ్బే పోగొట్టుకున్నారు. దాన్ని నేను తప్పుపట్టను.

హైదరాబాద్‌కు వస్తే కథ మారుతుంది. 'పేకాట రాయుళ్ల అరెస్ట్' అన్న వార్త చదవకుండా పెరిగిన తెలుగువాడు ఉంటాడా? రమ్మీలో నైపుణ్యం ఉందని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులోనే. మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టమని అదే తీర్పులో ఉంది. ఆ నైపుణ్యం మాట పట్టుకుని ఆన్‌లైన్ యాప్‌లు ఇంటింటికీ చేరాయి. 2017లో తెలంగాణ చట్టం సవరించి, నైపుణ్యమున్న ఆటైనా డబ్బు ఒడ్డితే జూదమేనంది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని పాతిక మంది మీద మియాపూర్ పోలీసులు కేసు పెట్టారు, వాళ్లలో పేరున్న నటులూ ఉన్నారు. ఆగస్టు కల్లా కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది.

ఎంట్రీ ఫీజు లేదు, ఎవరూ ఒడ్డరు, కాబట్టి జూదం కాదు అని నిర్వాహకులు వాదించొచ్చు. లాయరు కూడా సరేననొచ్చు. ఒడ్డేదే లేనప్పుడు పేక ముక్కలే ఎందుకు? హీరో ముఖం పేకాట పక్కన కనబడటానికి ఇంతకుముందు యాప్‌ల వాళ్లు డబ్బులిచ్చేవారు. ఇప్పుడు మనం ఆ పని సేవ పేరుతో ఉచితంగా చేసిపెడతామన్నమాట.

టీవీలో స్టార్లతో విరాళాలు మనకు కొత్తేం కాదు. హుద్‌హుద్ తుపాను తర్వాత 2014 నవంబరులో పరిశ్రమంతా హైదరాబాద్‌లో చేరి రోజంతా ఆడి పాడి విశాఖ బాధితులకు డబ్బు పోగుచేసింది. తర్వాత 'మేము సైతం' టీవీ షోలో నటులు కూరగాయలమ్మారు, కూలి పనులు చేశారు, ఆ సంపాదన కష్టంలో ఉన్న కుటుంబాలకు ఇచ్చారు. కొంత నటన ఉంటే ఉండనీయండి (నటులే కదా). చూసిన పిల్లవాడు మహా అయితే కూరగాయల బేరం నేర్చుకుంటాడు.

సంఘాల వాళ్లు క్రికెట్ పెట్టండి, అంత్యాక్షరి పెట్టండి, హీరోతో భోజనానికి టికెట్ పెట్టండి. పోకరే కావాలని పట్టుబట్టే అమెరికా డాలర్ల మనిషి కమిటీలో ఉంటే ఐఆర్ఎస్ (అక్కడి పన్నుల శాఖ) రూలు ఒకటి గుర్తుచేయండి: సేవాసంస్థకు నేరుగా రాసిన చెక్కుకు పన్ను మినహాయింపు అడగొచ్చు, అదే సంస్థ పెట్టిన లాటరీలోనో బింగోలోనో గెలిచే అవకాశం కొనుక్కున్న టికెట్‌కు అడగడానికి వీల్లేదు.